గోడ అవతల పడ్డ నీడ

చెట్టు తనది, నీడ మాత్రం వాళ్ళది. మేడ మీది గదిలో కిటికీ ఊచలు పట్టుకుని వల్సల పొద్దుటి నుంచీ ఆ మాటే నములుతోంది. పనసచెట్టు మొదలు గోడకు ఇవతలే ఉంది. వేసవిలో నీళ్ళు పోసేది తను, రాలిన ఆకులు ఊడ్చేది తను, కాయలు కోయించి పంచేది తను. అయినా కుంభమాసపు మండుటెండ నడినెత్తి దాటేసరికి ఆ నీడ కాస్తా గోడ దూకి అవతల కాలవగట్టు మీద పడుతుంది, అది పడిన చోట ఉపాధి పనికి వచ్చిన ఆడవాళ్ళు తువ్వాళ్ళు పరుచుకుని వరసగా నిద్రపోతున్నారు. ఏం నిద్ర అది. ఒకళ్ళ కాలు ఒకళ్ళ మీద, ఒకళ్ళ చెయ్యి ఇంకొకళ్ళ మెడ కింద, నోళ్ళు తెరుచుకుని, నైటీల మీద తొడుక్కున్న మగవాళ్ళ చొక్కాలకు కాలవ బురద ఎండి అట్టలు కట్టి, మొహాల మీద ఈగలు వాలుతున్నా తోలుకోకుండా. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. వీళ్ళకి ఆకలీ ఉంది, నిద్రా ఉంది, తనకు రెండూ లేవు. మెత్తటి పరుపు, ఏసీ, నేలకు ఆనే కర్టెన్లు ఉన్న గదిలో నిలబడి, రాళ్ళ గట్టు మీద పడుకున్న వాళ్ళని చూసి కుళ్ళుకుంటోంది వల్సల. కుళ్ళే. దానికి ఇంకో పేరు వెతుక్కునే ఓపిక కూడా ఇవాళ లేదు.

కుళ్ళుకుని ఊరుకున్నా బాగుండేది. ఫోన్ చేసింది. పని జరిగే చోట పాతిన బోర్డు సరిగ్గా తన వెనక గేటు పక్కనే ఉంది, అందులో ఫిర్యాదుల కోసం ఓవర్సీరు నంబరు ఉంది, రోజూ చూసి చూసి కంఠతా వచ్చేసింది. భోజనపు గంట ఎప్పుడో అయిపోయింది, అందరూ గుర్రు పెట్టి నిద్రపోతున్నారు, ప్రజల డబ్బు ఇలాగేనా, అని తనే అంది. ఆ 'ప్రజల డబ్బు' అనే మాట తన నోట్లోకి ఎలా వచ్చిందో తనకే తెలీదు, మొగుడు టీవీ ముందు కూర్చుని అనే మాట అది. అవతలి గొంతు మర్యాదగానే ఉంది. "పేరు చెప్పక్కర్లేదు మేడం. పక్క వార్డులోనే ఉన్నాను, అన్నం తినేసి వచ్చేస్తా. పడుకుని దొరికారంటే అందరికీ ఇవాళ్టి హాజరు కొట్టేయడమే. ఇక ఆ మేటు సంగతంటారా, రేపటి నుంచి మేటుగా ఉండదు." మేటు అంటే ఈ ఆడవాళ్ళ పని చూసే పెద్ద, ఓమన. ఆ మాట విన్నప్పుడు వల్సల గుండెలో చల్లగా ఏదో దిగింది, బాగానే ఉంది అనిపించింది, ఫోన్ పెట్టేశాక ఆ చల్లదనమే వణుకైంది. అప్పటి నుంచి కాలు కాలిన పిల్లిలా మంచానికీ కిటికీకీ మధ్య తిరుగుతోంది. వాడు అన్నం తింటూ ఉంటాడు. చేతులు కడుక్కుంటూ ఉంటాడు. మెట్లు దిగి వెనక గేటు తీసి, ఓమనా లే, అని ఒక్క కేక వేస్తే చాలు. కేక వేస్తే ఎలా తెలిసిందని అడుగుతారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అమ్మ అనేది. ఇప్పుడు కడుక్కోవడానికి కూడా కిందికి దిగాలి, దిగాలంటే కాళ్ళు రావడం లేదు.

అసలు ఓమన పడుకునే మనిషి కాదు. రోజూ అందరూ కునుకు తీస్తుంటే అది ఒక్కతే చెట్టుకు ఆనుకుని తమలపాకు నములుతూ కూర్చుంటుంది, టైము కాగానే ఖాళీ టిఫిన్ డబ్బా మీద గరిటెతో టంగుటంగున వాయించి లేపుతుంది. ఇవాళ పొద్దున అది కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చింది. అన్నాల దగ్గర మాటలన్నీ కిటికీలోంచి విన్నది వల్సల. వినడానికే కదా ఈ కిటికీ దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నది. రాత్రంతా ఓమన మొగుడికి ఫిట్లు, ఆస్పత్రిలో నేల మీద కూర్చుని తెల్లవార్చిందట. ఆ మాట ఓమన ఏడుస్తూ చెప్పలేదు, "తాగొద్దురా అంటే తాగాడు, పడొద్దురా అంటే పడ్డాడు, చెప్పిన మాట వినకపోవడంలో మాత్రం పెళ్ళినాటి నుంచీ ఒక్కటే పట్టుదల" అని చెప్పింది, అందరూ పొరబోయేలా నవ్వారు. నవ్వుతూనే రోసిలి తన డబ్బాలోంచి చేప ముక్క తీసి ఓమన అన్నంలో పెట్టింది, సైనబ ఎండురొయ్యల పచ్చడి పెట్టింది, ముసలి కార్త్యాయని మజ్జిగపులుసు ఒంపింది. ఎవరి డబ్బాలో ఎవరిది ఉందో వాళ్ళకే తెలీదు, సాయంత్రం మూతలు కూడా మారిపోయి ఇళ్ళకు పోతాయి. అప్పుడు రోసిలి అంది, "నువ్వు పడుకోవే, మేం లేపుతాం." ఓమన వినలేదు. "పడుకోమన్నానా, నే లేపుతానన్నానా" అని రోసిలి దాని తల పట్టుకుని బలవంతంగా తన చేతి మీద పడుకోబెట్టుకుంది. అందరూ నేను లేపుతా అంటే నేను లేపుతా అన్నారు. అందరికన్నా ముందు గురక పెట్టింది రోసిలే. కుంభకర్ణుణ్ణి కావలి పెట్టినట్టుంది వీళ్ళ కాపలా, అనుకుని నవ్వబోయింది వల్సల, నవ్వు రాలేదు. నువ్వు పడుకో, నేను లేపుతా. ఆ మాట తనతో ఎవరైనా అని ఎన్నేళ్ళయింది.

కంటి మీద కునుకు లేక ఎన్ని నెలలైందో చెప్పాలంటే దానికీ ఓపిక కావాలి. మాత్ర వేసుకుంటే వచ్చేది నిద్ర కాదు, బస్తాలో కుక్కి మూతి కట్టేసినట్టుంటుంది, తెల్లారి ఎవరో మూతి విప్పుతారు. ఆ మాత్రలు ఇచ్చిన డాక్టరు ఈ ఊరివాడు కాదు. ఊళ్ళో తెలిస్తే పరువు పోతుందని మొగుడు సుకుమారన్ పాలక్కాడు దాకా కారులో తీసుకెళ్ళాడు, దారంతా కొట్టు ఫోన్లు మాట్లాడుతూనే. ఊళ్ళో అడిగినవాళ్ళకి థైరాయిడ్ అని చెప్పారు. పాపం సైనబ ఆ అబద్ధాన్ని నమ్మి, గోడ మీదుగా మునగాకు కట్ట అందించింది. "ఇది రోజూ తింటే థైరాయిడ్ ఎగిరిపోద్ది మేడం." థైరాయిడ్ ఉంటే కదా ఎగరడానికి. ఆ డాక్టరు వయసు చిన్నదే, కాగితాల మీద రాస్తూ రాస్తూ ఆగి, మధ్యాహ్నం మీరు ఎవరితో కలిసి తింటారమ్మా అని అడిగాడు. ఏ జబ్బుకీ ఎవరూ అడగని ప్రశ్న. వల్సల నోరు తెరిచేలోగా పక్క కుర్చీలోంచి సుకుమారన్ అందుకున్నాడు, "ఆమెకి ఏ లోటూ లేదు డాక్టర్, ఇంట్లో అన్నీ ఉన్నాయి, పనిమనిషి కూడా ఉంది." డాక్టరు వల్సల వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆడపడుచుతో తింటాను అని చెప్పింది తను. ఆడపడుచు ఉండేది తిరువనంతపురంలో. తను తినేది ఫ్రిజ్జు పక్కన నిలబడి, గిన్నెలోంచే, చల్లారిన అన్నం, టీవీ పెట్టుకుంటే టీవీ, లేకపోతే ఫ్రిజ్జు మోత. మొగుడూ కొడుకూ పొద్దున్నే కొట్టుకి పోతే దీపాలు పెట్టాక వస్తారు. వచ్చి చెరో ఫోన్ చూసుకుంటూ తింటారు. కూర ఎలా ఉందని అడిగితే కొడుకు సనోజ్ బొటనవేలు పైకెత్తి చూపిస్తాడు, తల ఎత్తకుండా.

ఆ రోసిలి చెయ్యి. దాని మీద ఓమన తల. అక్కడ, సరిగ్గా అక్కడే మండుతోంది. ఎందుకంటే ఆ చోటు తనది. పెంకుల ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు తనూ ఓమనా ఒకే వరసలో నిలబడి పచ్చి పెంకులు చేతి నుంచి చేతికి అందించేవాళ్ళు. ఓమన అందిస్తే తను అందుకునేది, వేళ్ళకు వేళ్ళు తగిలేవి, పెంకు జారి పడితే ఇద్దరి కూలీలోంచీ పట్టేవాళ్ళు, అందుకని ఒకళ్ళ మీద ఒకళ్ళకి కన్ను ఉండేది. మధ్యాహ్నం బట్టీ వెనక గోడ వెచ్చగా ఉండేది, వానాకాలం అక్కడ చోటు కోసం కొట్లాటే. ఓమన ముందు పరిగెత్తి తన తువ్వాలు పరిచేది, వల్సల వచ్చేదాకా ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. ఒకరి తల ఒకరి తలకు ఆనించి పడుకునేవాళ్ళు, ఎవరి పేను ఎవరికి పాకిందో దేవుడికే తెలుసు. ఇద్దరి ఒంట్లోనూ మట్టివాసన, బొగ్గుపొగ. ఇంట్లో అమ్మ దగ్గు, నాన్న కేకలు, చెల్లెలికి పుస్తకాలు లేవు, కప్పు కారుతుంది, ఎన్ని లేవో అన్నీ లేవు, అయినా పడుకోగానే నిద్ర. ఫ్యాక్టరీ గంట మోగినా తను లేచేది కాదు. ఓమన ముక్కు పట్టుకుని లేపేది. "లేవే శవమా, మేస్త్రీ వస్తున్నాడు, నీ బదులు నేను తన్నులు తినాలా?" ఓమన తిట్లకు ఫ్యాక్టరీలో పేరుంది. అరుస్తూనే చెయ్యి పట్టి లేపేది, వల్సల జడ కూడా అదే అల్లేది. ఇప్పుడు అదే నోరు తనని మేడం అంటుంది.

ఎప్పుడు మొదలైంది ఆ మేడం? సుకుమారన్ సైకిల్ మీద మేకులూ బందులూ అమ్మినప్పుడు కాదు. చిన్న కొట్టు పెట్టినప్పుడూ కాదు. అప్పుడు పాత ఇంట్లోనే ఆడవాళ్ళ సంఘం కూడేది, చాప మీద, ఓమన మోకాలు తన మోకాలికి ఆని. కొట్టు పెద్దదై, ఈ మేడ కట్టి, నేలంతా అద్దంలా మెరిసే రాయి పరిచాక, మొదటి సమావేశానికి వచ్చినవాళ్ళు చెప్పులు గేటు బయటే విడిచారు. సోఫా అంచున ఒక్కొక్కళ్ళూ జారిపోయేలా కూర్చున్నారు. ఎవరూ గట్టిగా నవ్వలేదు. ఆ రాత్రి సుకుమారన్, "వాకిట్లో ఆ చెప్పుల గుట్ట ఏంటి? బ్యాంకు వాళ్ళు వస్తారు, పార్టీలు వస్తారు, చూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, నవ్వుతూనే అన్నాడు, మంచివాడే, తాగడు, కొట్టడు, అడిగింది కొంటాడు. ఓమన మొగుడితో పోలిస్తే దేవుడు. ఆ దేవుడు ఒక్క నవ్వుతో ఇంటి ముందు చెప్పులు లేకుండా చేశాడు. సంఘం ఓమన ఇంటికి మారింది. అక్కడికీ వెళ్ళింది తను. వెళ్ళేసరికి అందరూ నేల మీద కూర్చుని ఉన్నారు, ఓమన లోపలికి పరిగెత్తి పక్కింటి నుంచి కుర్చీ తెచ్చి, మోచేత్తో తుడిచి వేసింది. అందులో వెటకారం లేదు. పెద్దింటి మనిషి వస్తే ఏం చేస్తారో అదే చేసింది. వద్దే, కింద కూర్చుంటా అంటే సరిపోయేది. ఒక్క మాట. ఆ రోజు కట్టుకున్నది తెల్లటి జరీ అంచు కసవు చీర, నేలేమో పేడతో అలికినది, ఇంకా పూర్తిగా ఆరలేదు. ఒక్క క్షణం చీర గురించి ఆలోచించింది తను. కూర్చుంది. కుర్చీలో. కింద అందరి తలలూ, పైన తనొక్కతే, ఎవరితో మాట్లాడాలన్నా మెడ వంచాలి. అప్పటి నుంచీ ఆ కుర్చీలోంచి దిగడం చేతకాలేదు.

ప్రయత్నించలేదని కాదు. ఈ పనికి పేరు రాయించుకుంటానని ఒకసారి అడిగితే సుకుమారన్ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "నువ్వు పార పట్టుకుంటావా? మన కొట్లోంచే పారలు పోతాయి పంచాయతీకి. కొట్టు వాడి పెళ్ళాం అదే పారతో కాలవ తవ్వుతోందని ఊరు నవ్వదా?" సనోజ్ కూడా నవ్వాడు. నవ్వులాటలో తనూ నవ్వింది. మొన్న పాలపాయసం వండింది. మధ్యాహ్నం వాళ్ళ అన్నాల వేళకి వెనక గేటు తీసుకుని స్వయంగా పట్టుకెళ్ళింది, బంగారు అంచు గాజు గ్లాసుల్లో పోసి, పళ్ళెంలో పేర్చి, వియ్యాలవారికి ఇచ్చినట్టు. తను దగ్గరికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. ముసలి కార్త్యాయని కూడా మోకాళ్ళు పట్టుకుని లేచింది. చేతులు చొక్కాలకు తుడుచుకుని, గ్లాసు పగులుతుందేమోనని రెండు చేతులా పట్టుకుని, నిలబడే తాగారు. బాగుంది మేడం అన్నారు. చాలా బాగుంది మేడం. అందరి డబ్బాలూ తెరిచి ఉన్నాయి, చేపల పులుసు వాసన వేస్తోంది, తనకి నోరూరింది, ఒక్కరైనా ఇంత తింటావా అని అడుగుతారేమోనని పళ్ళెం పట్టుకుని అవసరం లేనంతసేపు నిలబడింది. గాజు గ్లాసుల్లో పాయసం తెచ్చిన మనిషిని చేపల పులుసు తినమని ఎవరడుగుతారు. గేటు వేసుకుని లోపలికి వచ్చాక, అవతల నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి, కుళాయి విప్పినట్టు. మర్నాడు పొద్దున గేటు దగ్గర కర్రపెండలం దుంపలు నాలుగు, మట్టి కడిగి, అరిటాకులో కట్టి. వాళ్ళల్లో వాళ్ళు ఇచ్చినదానికి బదులు ఇవ్వరు. తనకి ఇచ్చారు. ఆ దుంపలు ఉడకబెట్టుకుని ఒక్కతే తిని, సింకు దగ్గర నిలబడి ఏడ్చింది, ఏడవడానికి కారణం ఎవరికి చెప్పినా నవ్వుతారని తెలిసి ఇంకా ఏడ్చింది.

ఇవాళ అన్నాలయ్యాక రోసిలి లేచి ఎవర్నో ఎగతాళి చేసింది. రెండు చేతులూ ముందుకు చాపి, పళ్ళెం పట్టుకున్నట్టు, నడుం తిప్పుకుంటూ, అడుగులో అడుగేసుకుంటూ నడిచి చూపించింది. అందరూ విరగబడి నవ్వారు. ఓమన కూడా, ఆ నిద్రలేని కళ్ళతోనే నవ్వింది. తననే. పాయసం పళ్ళెమే అది. తను కాకపోతే ఇంకెవరు? పెళ్ళికొడుకు ముందుకు కాఫీ తెచ్చిన తన కూతుర్ని చూపిస్తోందేమో, రోసిలి కూతురికి పెళ్ళిచూపులని మొన్న అనుకున్నారు. అయినా సరే. ఓమన నవ్వింది. తన మీద నవ్వితే అదొక మంట, తనకు తెలీని సంగతికి నవ్వితే అదింకా పెద్ద మంట. నవ్వులయ్యాక వాళ్ళు పడుకున్నారు, గంట దాటినా లేవలేదు, అప్పుడు తీసింది ఫోన్.

ఇప్పుడు ఆ రోసిలి చెయ్యి మీద ఓమన తల కాస్త పక్కకి జారింది. నోరు తెరుచుకుంది. పైన ముందరి పన్ను లేదు, ఎప్పుడు ఊడింది అది? తనకి ఎవరూ చెప్పలేదు. ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు ఆ పంటితోనే కొబ్బరి పీచు లాగేది. వల్సల ఊచలు వదిలింది. మేటు పని పోతే ఓమనకి ఏముంది? ఆస్పత్రిలో మొగుడు, కూలీ మీద బతుకు, పని లేకపోతే ఈ పన్నెండు మందీ లేరు, వీళ్ళు లేకపోతే మధ్యాహ్నం ఒక్కతే తింటుంది. ఫ్రిజ్జు కూడా ఉండదు మోత పెట్టడానికి. ఓమన కూడా తనలాగే గిన్నెలోంచి నిలబడి తింటుంది అన్న ఊహ వచ్చింది, వచ్చాక ఒక్క క్షణం హాయిగా అనిపించింది, ఛీ, అనుకుంది వల్సల పైకే. ఎవరికో అన్నట్టు గట్టిగా. తర్వాత మెట్లు దిగుతోంది, మెట్ల రెయిలింగు చల్లగా ఉంది, వంటింట్లో పనిమనిషి వెళ్ళిపోయినట్టుంది, పెరటి గుమ్మం, రాళ్ళ దారి, చెప్పులు వేసుకోవడం మరిచిపోయింది, అరికాళ్ళు చుర్రుమన్నాయి. వాడు బయల్దేరే ఉంటాడు. ఏమని చెప్పాలి? ఓవర్సీరు వస్తున్నాడు లేవండి అనాలి. ఎలా తెలుసు మేడం అంటే? మేడ మీంచి చూశాననాలి. మేడ మీంచి పక్క వార్డు కనపడుతుందా మేడం? రోసిలి అడుగుతుంది ఆ మాట, దానికి లాయరు నోరు. అడగనీ. ముందు లేపాలి. గేటు గడియ కిర్రుమంది, ఎవరూ కదల్లేదు.

నీడలోకి రాగానే వేరే ఊరికి వచ్చినట్టుంది. పైనుంచి చూస్తే కనపడని సంగతులు ఎన్నో ఉన్నాయి ఇక్కడ, చేపల పులుసు వాసన, చెమట, తమలపాకు, తవ్విన తడి మట్టి. ఆ మట్టివాసన పెంకుల ఫ్యాక్టరీదే. ఓమన కాళ్ళ దగ్గర నిలబడింది. ఓమనా అనబోయి ఆగింది. వంగి పాదం పట్టుకుని కదపాలనుకుంది, ఆ పాదం పగుళ్ళు చూస్తూ నిలబడిపోయింది. అప్పుడు ఆ చివర పడుకున్న కార్త్యాయని, కళ్ళు తెరవకుండానే, నిద్రలోనే విసుక్కుంది. "ఎవతివే అది, కొయ్యలా నిలబడ్డావు? గాలికి అడ్డు. పడుకో." చెయ్యి చాపి, దొరికిన చీర కుచ్చెళ్ళు పట్టి లాగింది. వల్సల కూర్చుంది. కూర్చోక ఏం చేస్తుంది, చీర ఊడొచ్చేలా ఉంది. ముసలిదానికీ ఓమనకీ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఉంది, పక్కకి దొర్లిన సైనబ వదిలేసిన తువ్వాలు ఉంది. ఇప్పుడే లేపుతాను, కూర్చునే లేపొచ్చు, చెయ్యి చాపితే ఓమన భుజం అందుతుంది. నడుం వాల్చినా అందుతుంది. కింద రాయి గుచ్చుకుంది, సర్దుకుంది. కార్త్యాయని చెయ్యి బరువుగా వచ్చి ఆమె మీద పడింది, చంటిపిల్ల మీద వేసినట్టు, ఆ చెయ్యి ఎవరి మీద పడిందో దానికి తెలియదు, అడగదు. ఒక పక్క ఊపిరి, ఇంకో పక్క ఊపిరి, ఆ పక్క రోసిలి గురక, రంపం పెట్టి కోసినట్టు, సుకుమారన్ గురకకైతే లేచి హాల్లోకి వెళ్ళిపోయేది, ఈ గురక మాత్రం ఎవరో మేలుకుని ఉన్నట్టు ధైర్యంగా ఉంది. పైన పనసాకుల సందున ఎండ ముక్కలు. ఈ చెట్టుని కింద నుంచి ఇటువైపు చూడటం ఇదే మొదలు. ఓమన తల అంత దగ్గర్లో ఉంది. తన తల కాస్త జరిపితే ఆనుతుంది. జరిపింది. కొబ్బరినూనె. లేపుతాను. ఈ ఒక్క ఊపిరి అయ్యాక. బట్టీ వెనక గోడ వెచ్చగా ఉంది, వాన పడుతోంది, పెంకు అందుకో, ఇంకో పెంకు అందుకో, జారనివ్వకు, ఇంకోటి.

బండి చప్పుడు ఎక్కడో, ఫ్యాక్టరీ లారీ అనుకుంది. తర్వాత మగ గొంతు. "బాగుంది, బాగుంది. పరుపులు కూడా వేయించమంటారా?" చుట్టూ కలకలం, లేస్తున్న చప్పుడు, డబ్బాలు దొర్లుతున్న చప్పుడు, ఆమె మీది చెయ్యి వెళ్ళిపోయింది, ఒళ్ళు ఒక్కసారి చల్లబడింది. ఆ చలికే మెలకువ వచ్చింది. కళ్ళు మాత్రం తెరవలేదు, తెరవడానికి ధైర్యం లేదు, పైగా రెప్పల మీద మట్టి పోసినట్టు బరువుగా ఉంది. ఓమన గొంతు దగ్గర్లోనే వినపడింది, "తప్పు నాదే సార్, లేపాల్సింది నేను, నాకే కన్ను అంటుకుంది. వాళ్ళ హాజరు ముట్టుకోకండి, నాది కొట్టేయండి." "దాని మాట వినకండి సార్, లేపుతానన్నది నేను" అంది రోసిలి. నేను, నేనన్నాను, అని అన్నాల దగ్గరలాగే మళ్ళీ అందరూ మొదలుపెట్టారు. "ఆపండమ్మా," అన్నాడు ఓవర్సీరు, "నాకేమన్నా సరదానా ఈ ఎండలో రావడం? ఫోనొచ్చాక రాకపోతే నా పీకకి చుట్టుకుంటుంది. ఎవరో పేరు చెప్పలేదు గానీ, నంబరుతో పాటు పేరూ పడింది ఈ ఫోన్లో, సుకుమారన్ హార్డ్‌వేర్స్ అని."

కాలవలో నీళ్ళు పారుతున్నది అప్పటిదాకా వినపడలేదు, ఇప్పుడు వినపడింది. అందరూ తన వైపు తిరిగారని కళ్ళు మూసుకునే తెలిసిపోయింది వల్సలకి. ఇప్పుడు లేచి కూర్చుని ఏదైనా చెప్పాలి, కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది. "ఈవిడెవరు? మీ మనిషేనా?" అన్నాడు ఓవర్సీరు. "హార్డ్‌వేరు ఆయన భార్య" అంది సైనబ మెల్లగా. ఓవర్సీరు ఫక్కున నవ్వాడు. "ఫోన్ చేసినావిడే మీ మధ్య దొర్లి నిద్రపోతుంటే నేను ఏమని రాసుకోనమ్మా పై వాళ్ళకి? ఫోటో తీస్తే ఈవిడే ముందు పడుతుంది. పదండి, పారలు పట్టండి, ఇంకోసారి ఇలా దొరికితే మాత్రం ఊరుకోను." బండి స్టార్టు అయింది, గట్టు వెంట దూరమైంది.

"మనం తిన్నది అరగదు దీనికి" అంది రోసిలి, పళ్ళ బిగువున. "మన కూలీ కొట్టించడానికి ఫోన్ చేసి, వచ్చి మన తువ్వాలు మీదే పడుకుంటుందా? ఏ జాతి మనిషిది? ఉండు, దీని జుట్టు పట్టుకుని లేపుతా." అడుగులు దగ్గరికి వచ్చాయి. ఎవరో పక్కన కూర్చున్నారు, నీడ మొహం మీద పడింది, గట్టి వేళ్ళు చెంప మీద అతుక్కున్న పనసాకు తీసి పారేశాయి. ఆ వేళ్ళు వల్సలకి తెలుసు, పెంకులు అందించిన వేళ్ళు. కళ్ళ కింద నల్లటి వలయాల మీద ఆ వేళ్ళు ఆగాయి. "థైరాయిడ్ అంట, థైరాయిడ్" అంది ఓమన తనలో తను. తర్వాత గొంతు పెంచింది. "ముట్టుకోకే రోసిలీ. ఇది ఎన్నాళ్ళయిందో పడుకుని. పడుకోనీ. నేను లేపుతా."

"లేపి?"

"లేపి తిడతా."

ఓమన తిట్టిందంటే కాలవ అవతలి గట్టు దాకా వినపడుతుంది, సుకుమారన్ కొట్టు దాకా పాకుతుంది. ఆ సంగతి వల్సలకి బాగా తెలుసు. తెలిసే, మోకాళ్ళు ముడుచుకుని ఓమన వైపు తిరిగి పడుకుంది.